సీన్ పెట్టి మాట్లాడు: బాండ్ సినిమాలు మళ్ళీ చూసి వాదించుకునే పద్ధతి

మా ఇంట్లో జేమ్స్ బాండ్ మీద వాదన మొదలైతే రూలు ఒక్కటే. సీన్ పెట్టి మాట్లాడాలి. "అప్పట్లో థియేటర్లో చూశా, అదిరిపోయింది" అంటే చెల్లదు. "యూట్యూబులో ఎవరో చెప్పాడు" అంటే అసలే చెల్లదు. రిమోట్ తీసుకుని, ఆ సీను ఎక్కడుందో వెతికి, అందరికీ చూపించి, అప్పుడు నోరు విప్పాలి.

నేను గుంటూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. తాళి కట్టే షాటు ఏ ఫ్రేములో కట్ చేయాలి, బాజాల సౌండు ఎక్కడ తగ్గించాలి అని రోజంతా చూసేవాడికి "ఓవరాల్‌గా బాగుంది" లాంటి మాటలు తలకెక్కవు. మా బాబాయి ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు, రోజర్ మూర్ అంటే ప్రాణం. మా అక్క దృష్టిలో బాండ్ సినిమా అంటే జార్జ్ లాజెన్‌బీ చేసిన ఆ ఒక్కటే. మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు, వాడికి డేనియల్ క్రెయిగ్‌తోనే లోకం పుట్టింది. ఇలాంటి నలుగురు ఒక గదిలో కూర్చుంటే పద్ధతి లేకపోతే నోరున్నవాడిదే రాజ్యం. మేం అలవాటు చేసుకున్న పద్ధతి రాస్తున్నాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు లెక్క తేల్చుకోండి

ఏ సినిమాలు లెక్కలోకి వస్తాయో మొదటి రోజే తేల్చకపోతే ఆరో వారం ఎవరో ఒకరు "అయితే కానరీ చేసిన ఆఖరిది అది కదా" అని లేస్తారు. బాండ్ సిరీస్ కంపెనీ ఈయాన్ ప్రొడక్షన్స్ తీసినవి 25. 1962లో వచ్చిన డాక్టర్ నోతో మొదలు, 2021లో వచ్చిన నో టైమ్ టు డైతో ఇప్పటికి ఆఖరు. వీటికి బయట రెండున్నాయి. 1967లో వచ్చిన క్యాసినో రాయల్ కామెడీ, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. రెండోది 1983 నాటి నెవర్ సే నెవర్ అగైన్. గొడవంతా దీనితోనే, ఎందుకంటే ఇందులో బాండ్ సాక్షాత్తూ షాన్ కానరీ.

దీని వెనక ఒక కోర్టు కథ ఉంది. బాండ్ నవలల రచయిత ఇయాన్ ఫ్లెమింగ్, కెవిన్ మెక్‌క్లోరీ, జాక్ విట్టింగ్‌హామ్ కలిసి ఒక సినిమా కథ మీద పనిచేశారు. ఆ సినిమా ముందుకు కదల్లేదు. ఫ్లెమింగ్ అదే కథను థండర్‌బాల్ నవలగా 1961లో అచ్చు వేయించాడు. మెక్‌క్లోరీ కేసు వేశాడు. 1963లో రాజీ కుదిరి సినిమా హక్కులు ఆయనకొచ్చాయి. 1965లో ఈయాన్‌తో కలిసి థండర్‌బాల్ తీశాడు, పదేళ్ళ దాకా మళ్ళీ ఆ కథ ముట్టుకోనని ఒప్పుకున్నాడు. గడువు తీరాక అదే కథ నెవర్ సే నెవర్ అగైన్ అయింది. అదే ఏడాది ఈయాన్ వాళ్ళ ఆక్టోపసీ కూడా రావడంతో ఒకే సంవత్సరంలో కానరీ బాండ్, మూర్ బాండ్ ఇద్దరూ తెరమీదకొచ్చారు.

మా ఇంట్లో తీర్పు: 25కే ర్యాంకులు, కానీ నెవర్ సే నెవర్ అగైన్‌ను సాక్ష్యంగా వాడుకోవచ్చు. బాబాయికి ఈ తీర్పు ఇప్పటికీ మింగుడు పడలేదు. అసలా సినిమాని ఇంట్లో వేయడమే ఆయనకు ఇష్టం లేదు.

వరసగా చూడొద్దు, జతలుగా చూడండి

డాక్టర్ నోతో మొదలుపెట్టి వారానికొకటి చొప్పున చివరిదాకా లాగుదామని అందరూ అనుకుంటారు. చాలామంది 1971 నాటి డైమండ్స్ ఆర్ ఫరెవర్ దగ్గర చతికిలపడతారు. అదీగాక వరసగా చూస్తే వాదించడానికి సరుకు దొరకదు. ఒక సినిమా పక్కన ఇంకోటి పెడితేనే తేడా బయటపడుతుంది.

అన్నిటికంటే బాగా పనిచేసిన జత యు ఓన్లీ లివ్ ట్వైస్, ద స్పై హూ లవ్డ్ మీ. మొదటిది 1967, రెండోది 1977. రెండింటికీ డైరెక్టర్ లూయిస్ గిల్బర్ట్. ఒకదాంట్లో అంతరిక్ష నౌకను ఇంకో నౌక నోరు తెరిచి మింగేస్తుంది, రెండోదాంట్లో జలాంతర్గాముల్ని ఓ పెద్ద ట్యాంకర్ ఓడ మింగేస్తుంది. రెండింట్లోనూ అగ్రరాజ్యాలు ఒకదాన్నొకటి అనుమానించి యుద్ధానికి దిగాలన్నదే విలన్ ఎత్తు. రెండింటికీ సెట్లు వేసింది కెన్ ఆడమ్. మొదటిదానికి అగ్నిపర్వతం లోపలి స్థావరం కట్టాడు. రెండోదాని కోసం పైన్‌వుడ్ స్టూడియోలో ఏకంగా 007 స్టేజ్ అని కొత్త షెడ్డే లేపారు. కథ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడొచ్చింది? ఈ ప్రశ్న పడేస్తే చాలు, రాత్రి ఒంటిగంట దాకా ఇంక ఎవరూ లేవరు.

గోల్డ్‌ఫింగర్, ఎ వ్యూ టు ఎ కిల్ ఇంకో జత. 1964లో విలన్ గోల్డ్‌ఫింగర్ ఫోర్ట్ నాక్స్‌లో దాచిన అమెరికా ప్రభుత్వ బంగారాన్ని రేడియేషన్‌తో పనికిరాకుండా చేసి తన బంగారం విలువ పెంచుకోవాలనుకుంటాడు. 1985లో విలన్ జోరిన్ సిలికాన్ వ్యాలీని నీట ముంచి తన చిప్పుల విలువ పెంచుకోవాలనుకుంటాడు. ఇద్దరూ భాగస్వాములను కూర్చోబెట్టి మోడల్ పెట్టి ప్లాను వివరిస్తారు. ఇద్దరి దగ్గరా ఒకడు "నాకొద్దు" అని లేచి వెళ్తాడు, ప్రాణంతో మిగలడు.

గోల్డెన్‌ఐ, క్యాసినో రాయల్ జత మేనల్లుడి కోసం. 1995లో ఒకటి, 2006లో ఒకటి. రెండుసార్లూ కొత్త హీరోని నిలబెట్టింది ఒకే డైరెక్టర్, మార్టిన్ క్యాంప్‌బెల్. థండర్‌బాల్ పక్కన నెవర్ సే నెవర్ అగైన్ ఎలాగూ ఉండనే ఉంది. అక్కకు ఇష్టమైన జత గురించి తర్వాత చెప్తాను.

ఇంకో చిన్న లెక్క. క్వాంటమ్ ఆఫ్ సొలేస్ 106 నిమిషాలు, సిరీస్‌లో అన్నిటికంటే పొట్టిది. నో టైమ్ టు డై 163 నిమిషాలు, అన్నిటికంటే పొడుగు. మర్నాడు డ్యూటీ ఉన్నవాళ్ళు ఉంటే ఏ రాత్రి ఏది పెట్టాలో దీన్ని బట్టి చూసుకోండి.

టీవీని సరిచేయకుండా కూర్చోవద్దు

ఇది వృత్తిరీత్యా నాకు మంట పుట్టించే విషయం. కొత్త టీవీల్లో మోషన్ స్మూథింగ్ అని ఒక సెట్టింగు ఆన్‌లో ఉండే వస్తుంది. దాన్ని ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే 1963లో ఫిల్ము మీద తీసిన సినిమా కూడా సాయంత్రం సీరియల్‌లా కనిపిస్తుంది. తర్వాత, పైనా కిందా నల్ల పట్టీలు వస్తే జూమ్ చేయొద్దు. థండర్‌బాల్ నుంచి ఎక్కువ సినిమాలు బాగా వెడల్పు ఫ్రేములో తీశారు. జూమ్ చేస్తే అంచున నిలబడ్డ మనిషి మాయమవుతాడు, ఒక్కోసారి ఆ మనిషే హంతకుడు.

మీరు చూసే ప్రింటు ఏదో కూడా కనుక్కోండి. 2015లో స్పెక్టర్ మన దేశంలో విడుదలైనప్పుడు సెన్సార్ బోర్డు ముద్దు సీన్లను సగానికి కోయించింది. ఆ వారం సోషల్ మీడియా నిండా "సంస్కారి బాండ్" జోకులే. థియేటర్లో చూసిన వాడొకడు, తర్వాత ఇంట్లో పూర్తి ప్రింటు చూసిన వాడొకడు "ఆ సీను అంత పొడుగు లేదు", "ఉంది" అని కొట్టుకుంటుంటే ఇద్దరూ నిజమే చెప్తున్నట్టు లెక్క. టీవీ చానళ్ళలో వచ్చేవాటికి కోతలు ఇంకా ఎక్కువ. అందుకే వాదనకు ముందు సినిమా నిడివి ఒకసారి చూసుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గుపడాల్సిన పని లేదు. కానరీ స్కాట్లాండ్ యాస మా బాబాయికి 50 ఏళ్ళుగా సగమే అర్థమైంది. సబ్‌టైటిల్స్ పెట్టాక "ఓహో, ఇక్కడ జోకు వేశాడా" అని ఇప్పుడు నవ్వుతున్నాడు.

ఒక సీను దగ్గర ఆగడం ఎలా

కొత్తవాళ్ళెవరైనా వస్తే నేను ముందు ఫ్రమ్ రష్యా విత్ లవ్‌లో రైలు పోరాటం పెడతాను. ఫైట్ ఒక్కటే కాదు, దానికి ముందున్న భోజనం దగ్గర్నుంచి.

బాండ్, అతనితో పారిపోతున్న రష్యన్ అమ్మాయి టాటియానా, గ్రాంట్ రైల్లో భోజనాల బోగీలో కూర్చుంటారు. గ్రాంట్ అసలు శత్రువుల మనిషి. బ్రిటిష్ ఏజెంటును చంపి అతని స్థానంలో వచ్చాడు. ముగ్గురూ చేప చెప్తారు. చేపతో తెల్ల వైన్ తాగడం అక్కడి మర్యాద, గ్రాంట్ మాత్రం రెడ్ వైన్ అడుగుతాడు. బాండ్ ముఖంలో ఏదో చిన్న కదలిక, అంతే. మాట రాదు, కెమెరా దాన్ని పట్టించుకోదు. తర్వాత తుపాకీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు గానీ ఆ రెడ్ వైన్ దగ్గరే నాకు అర్థం కావాల్సిందని బాండ్ అనడు.

అక్కడి నుంచి చూడండి. బాండ్ ఆఖరి సిగరెట్టు అడుగుతాడు, బదులుగా తన పెట్టెలో ఉన్న 50 బంగారు నాణేలు ఇస్తానంటాడు. తన పెట్టె తనే జాగ్రత్తగా తెరిచి నాణేలు విసురుతాడు. గ్రాంట్‌కు ఆశ పుడుతుంది, చనిపోయిన ఏజెంటు పెట్టెలోనూ ఉంటాయా అని. ఆ పెట్టెను తనే తెరుస్తాడు, గొళ్ళేలు అడ్డంగా తిప్పకుండా. గ్యాసు పేలుతుంది. అలా తిప్పకపోతే పేలుతుందని మనకు సినిమా మొదట్లోనే పెట్టె ఇచ్చేటప్పుడు చూపించారు. గంట క్రితం చూపించినదాన్ని ఇక్కడ వాడుకున్నారు, మధ్యలో ఎక్కడా గుర్తుచేయలేదు.

ఆ తర్వాత ఫైట్. గదిలో లైటు పగిలిపోతుంది, మిగిలింది నీలం వెలుగే. ఇప్పుడు కళ్ళు మూసుకుని వినమనండి. సంగీతం లేదు. రైలు చప్పుడు, గుద్దులు, గాజు పగలడం, ఊపిరి. ఎడిటర్ పీటర్ హంట్ ఇద్దరు మనుషుల్ని మంచమంత జాగాలో పెట్టి, ఎవరి చెయ్యి ఎవరిదో తెలిసీ తెలియనట్టు ముక్కలు కోసి అతికాడు. నా పెళ్ళి వీడియోల్లో అప్పగింతల దగ్గర పాట పెట్టమని అందరూ అడుగుతారు. ఆ సీను చూశాక రెండు మూడు పెళ్ళిళ్ళకు పాట తీసేసి, ఏడుపు, గాజుల చప్పుడు, కారు తలుపు వేసిన శబ్దం మాత్రమే ఉంచాను. ఒక పెళ్ళికూతురి తండ్రి ఫోను చేసి పాట ఏదని అడిగాడనుకోండి, అది వేరే సంగతి.

ఇలా ఒక సీను చూశాక ఒక నోటుబుక్కులో టైము రాసి పెట్టుకోండి. గంట, నిమిషం, సెకను. "బాండ్ తెలివిగా కనిపించిన సీను" అని పక్కన ఒక ముక్క. నెల తిరిగేసరికి ఆ నోటుబుక్కే మీ ఆయుధం.

టైము రాసే అలవాటుంటే కొన్ని సరదాలు కూడా దొరుకుతాయి. గోల్డ్‌ఫింగర్ చివర్లో బాంబు టైమర్ 007 దగ్గర ఆగుతుంది. అది చూసి అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత బాండ్ చెప్పే డైలాగులో మాత్రం ఇంకో మూడు టిక్కులు గడిస్తే అయిపోయేదని ఉంటుంది. డైమండ్స్ ఆర్ ఫరెవర్‌లో కారు ఒక సందులోకి కుడి చక్రాల మీద ఒరిగి వెళ్ళి, అవతల ఎడమ చక్రాల మీద బయటికొస్తుంది. మా మేనల్లుడు దాన్ని పది సెకన్లు వెనక్కి తిప్పి తిప్పి చూపించి బాబాయిని ఏడిపించడం వాడికి అలవాటు. అది మూర్ సినిమా కాదురా అని బాబాయి ఎంత మొత్తుకున్నా వినడు.

"జేమ్స్ బాండ్ కోడ్ నేమ్" అన్నవాడికి ఏం చెప్పాలి

ఇది ప్రతి ఇంట్లో వస్తుంది. ఆరుగురు నటులు మారారు కాబట్టి జేమ్స్ బాండ్ అనేది ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చే పేరు మాత్రమే అన్న సిద్ధాంతం. వినడానికి బాగుంటుంది, సీన్లు పెడితే నిలబడదు.

వరసగా పెట్టండి. 1969 నాటి ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్‌లో లాజెన్‌బీ రాజీనామా చేసి తన బల్ల సర్దుకుంటాడు. సొరుగులోంచి తీసేవి డాక్టర్ నోలో హనీ కత్తి, రైలు ఫైట్‌లో గ్రాంట్ వాడిన తీగ దాచిన వాచీ, థండర్‌బాల్‌లోని ఊపిరి గొట్టం. అవన్నీ కానరీ బాండ్ వస్తువులు. తర్వాత 1977లో ద స్పై హూ లవ్డ్ మీలో రష్యన్ గూఢచారి ఆన్యా అతని పెళ్ళి సంగతి ఎత్తగానే మూర్ మొహం మారిపోయి మాట ఆపేస్తాడు. 1981లో ఫర్ యువర్ ఐస్ ఓన్లీ మొదలయ్యేదే లాజెన్‌బీ సినిమాలో బాండ్ పెళ్ళాడిన ట్రేసీ సమాధి దగ్గర, రాతి మీద 1969 అని ఉంటుంది. 1989లో లైసెన్స్ టు కిల్‌లో అతనికి ఒకప్పుడు పెళ్ళయిందని స్నేహితుడు ఫీలిక్స్ లైటర్ చెప్తాడు, అప్పుడు బాండ్ టిమొతీ డాల్టన్. అంటే ఆ నలుగురూ ఒకే మనిషి జ్ఞాపకాలు మోస్తున్నారు. క్రెయిగ్‌ది వేరే మొదలు. కానీ స్కైఫాల్‌లో అమ్మానాన్నల సమాధి మీదే బాండ్ అన్న ఇంటిపేరు ఉంది. కోడ్ నేమ్ అయితే నాన్నకెలా వచ్చింది?

అవతలివాడు తెలివైనవాడైతే లాజెన్‌బీ సినిమా మొదటి సీను పెడతాడు. పోరాటం అయ్యాక అమ్మాయి కారెక్కి వెళ్ళిపోతే, ఆ ముందటివాడికి ఇలా ఎప్పుడూ జరగలేదన్నట్టు లాజెన్‌బీ కెమెరా వైపు చూస్తూ అంటాడు. నా దృష్టిలో అది ప్రేక్షకులతో వేళాకోళం, కథలో భాగం కాదు. మేనల్లుడు ఒప్పుకోడు. ఈ ఒక్కదాని మీద మా ఇంట్లో కేసు పెండింగ్‌లోనే ఉంది.

ఇదే సినిమాలో ఇంకో చిక్కు. మారువేషంలో వచ్చిన బాండ్‌ను విలన్ బ్లోఫెల్డ్ గుర్తుపట్టడు. ముందు సినిమా యు ఓన్లీ లివ్ ట్వైస్‌లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు కదా? కారణం సాదాసీదా. ఫ్లెమింగ్ నవలల్లో వరస తిరగేసి ఉంటుంది. ఆన్ హర్ మెజెస్టీస్ 1963లో, యు ఓన్లీ లివ్ ట్వైస్ 1964లో వచ్చాయి. సినిమాలు తిరగేసి తీశారు, నవలలోని మారువేషం మాత్రం అలాగే ఉంచేశారు.

అక్క కోసం ఒక రాత్రి

లాజెన్‌బీ సినిమాని డైరెక్ట్ చేసింది కూడా పీటర్ హంటే, రైలు ఫైట్ ఎడిట్ చేసినాయన. ఎడిటర్ డైరెక్టరైతే ఎలా ఉంటుందో మంచు మీద పరుగుల్లో చూడొచ్చు. స్విట్జర్లాండ్‌లో షిల్ట్‌హార్న్ శిఖరం మీద తిరిగే రెస్టారెంటులో షూటింగ్ చేశారు. ఆ రెస్టారెంటు ఇప్పటికీ సినిమాలో పెట్టిన పేరుతోనే, పిజ్ గ్లోరియాగా నడుస్తోంది.

అక్కను అడిగితే వీటిలో ఏదీ చెప్పదు. ఆమె పెట్టే సీను ఒక్కటే. ట్రేసీ స్కేటింగ్ రింకు దగ్గరికి వస్తుంది. బాండ్ చుట్టూ శత్రువులున్నారు, జనంలో తల దాచుకుని ఒక బల్ల మీద కూర్చున్నాడు. భయపడుతున్నాడు. కాలర్ పైకెత్తుకుని, తల వంచుకుని, నిజంగా భయపడుతున్నాడు. ముందు ఒక జత స్కేట్లు వచ్చి ఆగుతాయి. తలెత్తితే ట్రేసీ. "మిగతా బాండ్‌లలో ఒక ఆడమనిషి వచ్చి కాపాడితే ఊపిరి పీల్చుకున్నవాడు ఎవడున్నాడో చూపించరా" అంటుంది అక్క. లాజెన్‌బీకి నటన రాదని ఎవరైనా అంటే ఆ సీనే పెట్టి రిమోట్ చేతికిస్తుంది. వేరే సీను తెచ్చి ఆమెకు జవాబిచ్చినవాళ్ళు ఇంతవరకూ లేరు.

దీనికి జత నో టైమ్ టు డై. లాజెన్‌బీ సినిమాలో పెళ్ళయిన కాసేపటికే ట్రేసీని కాల్చి చంపుతారు, మనకు చాలా టైముంది అంటూ బాండ్ ఆమెను ఒడిలో పట్టుకుంటాడు. 2021 సినిమా మొదట్లో బాండ్ అదే మాట అంటాడు, అందులోని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటతోనే ఇదీ ముగుస్తుంది, ఈసారి చనిపోయింది బాండ్. రెండూ ఒకే రోజు చూడొద్దు, బరువెక్కువ. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి.

"ఎవరు బెస్ట్ బాండ్" మొదటి గంటలో నిషేధం

ఈ ప్రశ్న ముందే వేస్తే సభ అక్కడితో ముగుస్తుంది. అడగాల్సిందే అంటే ఒకే పని ఇద్దరు ముగ్గురు నటులు ఎలా చేశారో పక్కపక్కన పెట్టండి. అన్నిటికంటే తేలిక తన పేరు చెప్పుకోవడం.

డాక్టర్ నోలో జూదం బల్ల దగ్గర ఒకామె ఓడిపోతూ ఉంటుంది. ఆమె పేరు అడిగితే ముందు ఇంటిపేరు, తర్వాత పూర్తి పేరు చెప్తుంది: ట్రెంచ్, సిల్వియా ట్రెంచ్. ఆమె తిరిగి అడిగినప్పుడు కానరీ సిగరెట్టు అంటించుకుంటూ అదే బాణీలో తన పేరు చెప్తాడు. అంటే ప్రపంచమంతా మోగిపోయిన ఆ డైలాగు మొదట ఆమెను ఆటపట్టించడం. క్రెయిగ్ క్యాసినో రాయల్‌లో సినిమా మొత్తం ఆ మాట అనడు. కాలికి తూటా తగిలి మెట్ల మీద పాకుతున్న మనిషి పక్కన నిలబడి, ఆఖరి మాటగా అంటాడు, కట్. ఒకడు సరసంగా, ఒకడు బెదిరింపుగా. మూర్ ఎలా అన్నాడు, డాల్టన్ ఎలా అన్నాడు అని మీరే పెట్టుకు చూడండి. ఇరవై నిమిషాల పని, దాంతో సగం ర్యాంకులు తారుమారవుతాయి.

డాల్టన్‌ను తీసిపారేసేవాళ్ళకు 1987 నాటి ద లివింగ్ డేలైట్స్ మొదట్లో కిటికీ సీను పెట్టండి. ఎదుటి కిటికీలో తుపాకీతో ఉన్న అమ్మాయి ప్రొఫెషనల్ కాదని కనిపెట్టి, ఆర్డరు లెక్కచేయకుండా ఆమె తుపాకీని మాత్రం కాలుస్తాడు. క్రెయిగ్ చేశాడని మేనల్లుడు మురిసిపోయే పనులు డాల్టన్ 19 ఏళ్ళ ముందే మొదలుపెట్టాడు. ఇది నా అభిప్రాయం, బల్ల గుద్ది చెప్తాను.

స్టంటు నిజమా, కంప్యూటరా

ద స్పై హూ లవ్డ్ మీ మొదట్లో స్కీయింగ్ చేస్తూ కొండ అంచు నుంచి దూకేది రిక్ సిల్వెస్టర్. కెనడాలో బాఫిన్ దీవిలో ఆస్గార్డ్ పర్వతం మీద నిజంగా దూకాడు. చూస్తున్నప్పుడు చెవి పెట్టండి. దూకగానే సంగీతం ఆగిపోయి గాలి మాత్రమే ఉంటుంది, ఊడిన స్కీ ఒకటి విచ్చుకుంటున్న పారాచూట్‌ను తాకుతూ పోతుంది. బ్రిటిష్ జెండా పారాచూట్ విచ్చుకున్నాకే మళ్ళీ థీమ్ మొదలవుతుంది. బాబాయి ఇక్కడ ప్రతిసారీ చప్పట్లు కొడతాడు, మేమూ కొడతాం.

దీని పక్కన 1974 నాటి ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్ పెడితే బాబాయికి కోపం వస్తుంది. విరిగిన వంతెన మీద నుంచి కారు గాలిలో గిరగిరా ఒక చుట్టు తిరిగి అవతల దిగుతుంది. కంప్యూటర్‌తో ముందే లెక్కగట్టి, ఒకే టేకులో చేసిన స్టంటు. దాని మీద సౌండ్ ట్రాకులో పీపీ ఊదినట్టు ఒక ఈల వేశారు. ఇంత గొప్ప షాటు ఒక్క సౌండుతో కామెడీ అయిపోయింది. సౌండు ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి చూపించండి. ఎడిటింగ్ అంటే ఏమిటో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్ వైపు సాక్షి 2002 నాటి డై అనదర్ డే. అందులో బాండ్ సునామీ అల మీద సర్ఫింగ్ చేస్తాడు. దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు మా ఇంట్లో లేరు. మీ ఇంట్లో ఉంటే వాళ్ళని గౌరవంగా చూసుకోండి, మైనారిటీ పక్షం.

ఆక్టోపసీని మనం చూసే తీరు వేరు

ఉదయ్‌పూర్‌లో తీశారు, సరస్సు మధ్య ప్యాలెస్‌లు, ఆటోల ఛేజింగ్. టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ బాండ్‌కు తోడుగా విజయ్ అనే పేరుతోనే కనిపిస్తాడు. వెంటాడుతున్న గూండాలను రాకెట్టుతో బాదుతుంటే చుట్టూ ఉన్న జనం టెన్నిస్ మ్యాచ్ చూసినట్టు తలలు అటూ ఇటూ తిప్పుతారు. ఇది చూసి నవ్వకుండా ఉండటం కష్టం. కబీర్ బేడీ జూదపు పాచికలను పిడికిట్లో పిండి చేసే సీను ఇంకోటి.

అదే సినిమాలో పాములవాడు, మంటల మీద నడిచేవాడు, మేకుల పడక, కూర మీద జోకు అన్నీ ఉన్నాయి. బాబాయి "సరదాగా తీసుకోవాలి" అంటాడు, మేనల్లుడు "మనల్ని సర్కస్ చేశారు" అంటాడు. నేనైతే ఇద్దరికీ ఒక పని ఇస్తాను: భారతీయ పాత్రలు కథను ముందుకు నడిపిన సీన్లు ఒకరు రాయండి, వెనక బొమ్మల్లా నిలబడ్డ సీన్లు ఒకరు రాయండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

మన తెలుగులో ఈ వరస ఎలా వచ్చిందో ఒక రాత్రి పెట్టుకోవచ్చు. 1966లో కృష్ణ గూఢచారి 116 చేశాడు, 1971లో జేమ్స్ బాండ్ 777, 1978లో ఏజెంట్ గోపి. ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు ఊరికే రాలేదు. పక్కన గోల్డ్‌ఫింగర్ పెట్టుకుని చూస్తే మనవాళ్ళు ఏది తీసుకున్నారు, ఏది వదిలేశారు అన్నది తెలుస్తుంది. బాబాయి ఆ రాత్రికి తెల్ల ప్యాంటు వేసుకొస్తాడు.

ఇంట్లో అందరూ కూర్చుంటే

పిల్లలూ పెద్దలూ కలిసి చూసేటట్టయితే ముందు ఒక్కరు చూసి పెట్టాలి. ముద్దు సీనొచ్చినప్పుడు రిమోట్ కోసం తడుముకునే ఇబ్బంది ఒకటే కాదు. గోల్డ్‌ఫింగర్‌లో గుర్రపుసాల సీను, యు ఓన్లీ లివ్ ట్వైస్‌లో కానరీని జపాన్ వాడిగా మార్చే మేకప్ ఇప్పుడు చూస్తే మొహం చిట్లుతుంది. వాటిని దాటేయకుండా ఉంచి, వాటి మీదే మాట్లాడటం నాకిష్టం. లైసెన్స్ టు కిల్ మాత్రం చిన్నపిల్లలకు వద్దు, సిరీస్‌లో బాగా రక్తం చిందిన సినిమా.

ర్యాంకులు రాత్రి అక్కడికక్కడే వేయొద్దు, మర్నాడు టిఫిన్ దగ్గర రాయండి. స్టార్లు, పదికి మార్కులు వద్దు. మేం ప్రతివాడి చేతా రెండు సీన్లు రాయిస్తాం: మళ్ళీ పెట్టమని అడిగేది ఒకటి, ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేది ఒకటి. ఏ సినిమాకైతే రెండో గడిలో నలుగురూ నాలుగు వేర్వేరు సీన్లు రాస్తారో అది కిందికి జారుతుంది. డైమండ్స్ ఆర్ ఫరెవర్ అలా జారింది.

కొత్త బాండ్ ఎవరన్న పందేలు మాత్రం మా దగ్గర లేవు. 2025లో సినిమాల మీద అధికారం అమెజాన్ ఎంజీఎం చేతికి వెళ్ళింది, డైరెక్టరుగా డెనీ విల్‌నవ్ పేరు ప్రకటించారు. ఆయన తీసిన బాండ్ సీను ఒక్కటీ మన చేతిలో లేదు కాబట్టి రూలు ప్రకారం మాట్లాడటానికి లేదు. వచ్చే శనివారానికి మేనల్లుడు మూన్‌రేకర్ అడిగాడు, ఎందుకో వాడికే తెలియాలి. బాబాయి మాత్రం అప్పుడే ఫోనులో పెద్దమ్మకు చెప్పేశాడు, ఆ రాత్రి బజ్జీలు తనే తెస్తాడట.